కిందికి దిగిన రాణమ్మ రాయి

అందుకే చెబుతున్నాను, ఆగిరిపల్లి వైపు తోటల్లో రాణమ్మ రాయి కనబడితే దండం పెట్టుకుని వచ్చేయకండి. అది మొదటినుంచీ అక్కడే ఉందా అని అడగండి. మా అమృతమ్మ అడిగింది. ఎవరూ వినలేదు.

అమృతమ్మ యాభై ఏళ్లు మామిడికాయలు కోసింది. సొన పడి ఎడమ చెంప నల్లగా కమిలిపోయింది, మనిషి మాత్రం నవ్వుతూనే ఉండేది. కూలీలు అన్నాలకు కూర్చుంటే రాణమ్మ కథ చెప్పేది. వెనకటికెప్పుడో, మొగుడు యుద్ధంలో పోతే, చంటిబిడ్డను చంకనేసుకుని ఈ సీమంతా ఏలిందట. ఒక ఏడు వాగు పొంగి సగం ఊరిని ఊడ్చుకుపోయింది, ఆ బిడ్డతో సహా. నీళ్లు తీశాక రాణమ్మ బురదలో తనే నడిచి, బురద ఆగినచోట రాయి పాతించింది. దానికి దిగువన ఎవరూ పొయ్యి వెలిగించకూడదని ఆజ్ఞ. కోట పోయింది, ఆమె అసలు పేరూ పోయింది. ఆ మాట ఒక్కటి మిగిలింది. ఇప్పటికీ మావాళ్లు రాయికి ఎగువనే ఇల్లు కడతారు.

ముప్పై ఏళ్ల కిందట తోట కౌలుకు చేసిన యలమంద, భక్తి కొద్దీ ఆ రాయిని మిట్ట మీంచి పెకలించి కింద రోడ్డు పక్కకు దించి, చిన్న గుడి కట్టించాడు.

"ఎంత పని చేశావు యలమందన్నా, ఆమెను వాగు దగ్గరికి దించావే," అంది అమృతమ్మ.

"ముసలోళ్లు మిట్టెక్కలేకపోతున్నారమ్మా. ఇక్కడైతే సైకిలు దిగకుండానే దండం పెట్టుకోవచ్చు."

"దండాల కోసమా ఆమె అక్కడ నిలబడింది?"

తర్వాత ముసలి చెట్లు కొట్టేశారు, మిట్టంతా చదును చేశారు. యలమందా పోయాడు. ఈ వేసవిలో గుడికి కాస్త ఎగువన పదకొండు ఇళ్లు లేచాయి. ఒకటి అమృతమ్మ కూతురు హైమవతిది.

"రాయికి పైనే కట్టానుగా అమ్మా, నువ్వు చెప్పినట్టే."

"నేను చెప్పింది మారలేదే. రాయే జరిగింది."

"అయితే పాత చోటెక్కడో చూపించు. అందాకా నేను సామాను తియ్యను."

ఆ చోటు తెలిసినవాళ్లలో మిగిలింది అమృతమ్మ ఒక్కతే. శనివారం అందర్నీ తీసుకెళ్లి ముగ్గు పోసి చూపిస్తానంది. శుక్రవారం కోతలో ఎండదెబ్బకు పడిపోయింది, సాయంత్రానికి పోయింది.

వాగు వచ్చే మైలవరం వైపు మూడు రోజులుగా వాన. నిన్న హైమవతీ నేనూ మిట్టంతా తిరిగాం, ఎక్కడ చూసినా ఒకేలా ఉంది. శనివారానికని ఆమె తెచ్చిన ముగ్గు సంచి మూతి కట్టింది కట్టినట్టే ఉంది.