కాంతం జ్ఞానస్నానం ఏ ఊళ్లో?

2004లో, అరవై మూడేళ్ల వయసులో కాంతం పెళ్లికి ఒప్పుకుంది. అప్పటిదాకా ఆమెకు తెలిసినవి తెలుగునేలకు దూరంగా, ఉక్కు కర్మాగారం ఊళ్లో, బాగ్‌బేరా పేటలో ఒంటిగది ఇల్లు, ఆస్పత్రి రికార్డు రూములో ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం, మంచాన పడ్డ తల్లి పైడమ్మ. తల్లి పోయిన ఏడాదికి దేముడు అనే పెద్దమనిషి పెళ్లి మాట అడిగాడు. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరయ్యాడు, భార్య పోయి ఆరేళ్లు. ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ ఒకే బడ్డీ దగ్గర టీ తాగేవారు. అక్కడే అడిగాడు, అక్కడే ఆమె సరేనంది.

గుడిలో ఫాదర్ సంతోషించి ఒక్క కాగితం తెమ్మన్నాడు. పసిబిడ్డగా ఏ ఊరి గుడిలో జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, జరిగిందో అక్కడినుంచే కొత్తగా రాయించిన పత్రం కావాలి. గురువులు అనే పేరుగల కాంతం తండ్రి రైల్వే గ్యాంగులో పనిచేస్తూ ఏడాదికో స్టేషను మారినవాడు. తల్లి మాత్రం జ్ఞానస్నానం "ఇసాపట్నం"లో అనేది. అక్కడికి ఉత్తరం రాస్తే, ఆ పేరు తమ పుస్తకాల్లో లేదని మర్యాదగా జవాబొచ్చింది.

దేముడు కూతురు బిందుప్రియ అదే ఊళ్లో, కాసిడీహ్ బళ్లో టీచరు. తండ్రి పెళ్లి ఆమెకు మింగుడు పడలేదు. అలాగని కాదనీ అనలేదు. తన ఇంట్లో కంప్యూటరుంది కాబట్టి, ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని, పాత గుడి పుస్తకాల నకళ్ల నుంచి పేర్లు ఎక్కించిన సూచిక ఒకటి ఇంటర్నెట్‌లో తెరిచింది. కాంతం పేరు, పుట్టిన ఏడాది కొడితే ఏమీ రాలేదు. తండ్రి పేరుతో చూడమంది కాంతం.

"గురువులు, పైడమ్మ. కూతురు కాంతమ్మ. 1938," అని చదివి బిందుప్రియ తల అడ్డంగా ఊపింది. "యే ఆప్ నహీ హై, ఆంటీ, ఇది మీరు కాదు. మీరు పుట్టింది నలభై ఒకటిలో కదా."

"అది బళ్లో ఏసినప్పుడు మా అయ్య చెప్పిన లెక్క. ఆయనకేటి గుర్తుంటాది? ఇది నేనే. ఊరేటని రాసుంది?"

"విశాఖపట్నం."

దేముడు కుర్చీలో వెనక్కి వాలాడు. "మళ్లీ అదేనా. ఆళ్లు లేదని రాసీసేరు గదా."

కాంతానికి ఆస్పత్రి రికార్డు రూము గుర్తొచ్చింది. బిడ్డ ఏ వార్డులో పుట్టినా పైకి పంపే నకలు మీద పెద్దాఫీసు పేరే ఉండేది. అలాంటి నకళ్లు ఆమె చేతిమీదుగా వేలు వెళ్లాయి; చిన్న ఊళ్ల గుళ్లూ అలాగే పెద్ద గుడి పేరుతో పంపి ఉంటాయనుకుంది.

"ఆ స్నానం ఇచ్చిన ఫాదర్ పేరుతో, అదే నెలలో ఇంకెవరున్నారో చూడమ్మా."

తొమ్మిది మంది పిల్లలు వచ్చారు. ఎనిమిదింటికి ఊరు విశాఖపట్నమే. తొమ్మిదోదాని దగ్గర మాత్రం నకలు రాసినవాడు అసలు ఊరు ఉన్నదున్నట్టు దింపేశాడు: నౌపడ.

"ఉప్పు పండీ ఊరది," అని దేముడు అనగానే కాంతం తెర మీది ఆ పేరు మీద వేలు పెట్టింది. "ఉప్పుమళ్ల గట్టు మీంచి నిన్నెత్తుకుని గుడికెళ్లేనని అమ్మ అనీది. కాళ్లు పగిలిపోనాయనీది. అదెక్కడో నేనెప్పుడూ అడగలేదు."

బిందుప్రియ లేచి వెళ్లి ముగ్గురికీ టీ పెట్టుకొచ్చింది.

నౌపడకు రాసిన ఉత్తరానికి మూడు వారాల్లో జవాబుతోపాటు పత్రమూ వచ్చింది. 1938 మార్చి, పదకొండు రోజుల పిల్ల. దేముడు వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"నేను ముప్పై తొమ్మిదిలో పుట్టేను. అయితే నాకన్నా ఏడాది పెద్దదానివి."

"పెళ్లి మానేత్తావేటి?"

"మానను గానీ, ఇప్పుడు అక్కా అనాలేటని."

అన్ని రోజుల్లో బిందుప్రియ నవ్వడం అదే మొదలు. బడి లెక్కతో రిటైరైన తాను రికార్డు రూములో మూడేళ్లు అదనంగా పనిచేసినట్టేనని కాంతానికి అప్పుడు తట్టింది. ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుంది.

పెళ్లి అక్టోబరులో, ఒక శనివారం పొద్దున జరిగింది. పదహారు మంది వచ్చారు. కాంతం బాగ్‌బేరా గది ఖాళీ చేసి, నది అవతల మాంగో అనే పేటలో దేముడు ఇంటికి మారింది. సామాన్ల ఆటో రద్దీకి వంతెన మీద గంటసేపు ఆగిపోయింది. ఇద్దరూ ఎండలో కూర్చుని, కొత్త ఇంట్లో మంచం ఏ గోడకు వేయాలో తేల్చుకోలేక వాదించుకున్నారు.