నూట ఇరవై దాటితే

మా తమ్ముడికి చెయ్యి ముందు లేస్తుంది, మాట తరవాత వస్తుంది. ఒక్కోసారి మాట అసలు రాదు. బజారంతా వాడిని సమ్మెట అంటుంది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు వాడిది. అందులో చక్రాల పుల్లలు బిగించి వంకర తీసే పని నాది. వాడికంటే నేను పెద్దదాన్ని, నోరూ పెద్దదే. మా ఇద్దరి మధ్య ఆ కొట్టు ఇన్నాళ్ళూ కూలలేదంటే గోడలు కట్టినవాడికి దణ్ణం పెట్టాలి.

వాడి దగ్గర పని నేర్చుకునేవాడు ముందు వీపు గట్టిచేసుకోవాలి. నట్టు అడ్డంగా ఎక్కిస్తే మొట్టికాయ. బ్రేకు తీగ పొట్టిగా కోస్తే చెంపదెబ్బ. ఎందుకు తప్పో మాత్రం చెప్పడు. వాడూ మా నాన్న చేతికింద అలాగే నేర్చుకున్నాడు, పెదవి మీద గాటు ఇంకా ఉంది. ఓసారి పనివాడొకడు ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కుని సుత్తితో బాది దింపుతుంటే, వీడు చేతిలో ఉన్న స్పానరుతోనే వాడి ముఖమ్మీద ఒకటిచ్చాడు. ముక్కు పక్కకి ఒరిగి అలాగే ఉండిపోయింది. ఆ వంకరముక్కువాడు నెత్తురు తుడుచుకుని వెళ్ళి, కొన్నాళ్ళకి మాకు ఎదురుగానే కొట్టు తెరిచాడు. మంచి పని చేశాడు. నేనైతే వెళ్ళేముందు ఆ స్పానరు లాక్కుని తిరిగి ఒకటిచ్చి మరీ వెళ్ళేదాన్ని.

వాడి పెళ్ళాం ఆ చేతికో నమస్కారం పెట్టి ఎప్పుడో పుట్టింటికి పోయింది. కూతురు మిగిలింది, నేనే పెంచాను. నిలబడమంటే గెంతుతుంది గనక మిడత అని పిలిచాను, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. పొగరులో తండ్రికంటే రెండాకులు ఎక్కువే.

దానికి సైకిలు మీద గుట్ట దిగే పందేల పిచ్చి. ఊరిచివర పాడుపడ్డ రాళ్ళ క్వారీ ఉంది. ఏటా ఆ క్వారీ గుట్ట మీంచి కిందికి సైకిళ్ళ పందెం పెడతారు. అందర్నీ ఒకేసారి వదులుతారు కాబట్టి మొదటి మలుపు దాకా అది పందెం కాదు, కొట్లాట. మోచేత్తో డొక్కలో పొడుస్తారు, కాలు పెట్టి పెడలు తన్నేస్తారు. నిరుడు, దారిలో అందరూ దూకాల్సిన పెద్దబండ అంచు దగ్గర ఎవడో దీన్ని భుజంతో గెంటాడు. ముందుపళ్ళు రెండు రాలాయి. నోట్లో నెత్తురు ఉమ్ముతూ నా దగ్గరికొచ్చి, "వచ్చే ఏడు వాడు నా వెనక దుమ్ము తినాలి అత్తా" అంది. నాకు ఏడుపూ వచ్చింది, ఆ గెంటినవాడి గొంతు పిసికేద్దామనీ అనిపించింది.

దాని సైకిలు హార్డ్‌టెయిల్. వెనక చక్రానికి స్ప్రింగు ఉండదు, ముందు ఫోర్కులోనే ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ ఫోర్కు ఎంత లోతు దిగగలదో దాన్ని ట్రావెల్ అంటారు. దీనికున్నది నూట ఇరవై మిల్లీమీటర్లు. గుట్ట మీద ముందువరసలో నిలబడేవాళ్ళందరికీ నూట యాభై.

ఓ మధ్యాహ్నం ఎక్కడిదో వాడేసిన నూట యాభై ఫోర్కు తెచ్చి బల్లమీద పెట్టింది.

"నాన్నా, ఇది వెయ్యి."

"వద్దు."

"పెద్దబండ మీంచి దూకితే నా ఫోర్కు అడుగుదాకా దిగిపోయి కొట్టుకుంటోంది. మణికట్లు ఊడొస్తున్నాయి. ఇదైతే దెబ్బంతా మింగేస్తుంది."

"ఆ ఫ్రేముకి నూట ఇరవై. అంతే."

"అంతే అంటే? ఎందుకో చెప్పు."

చెంప ఛెళ్ళుమంది. పిల్ల తూలి పంపు మీద పడింది. అక్కడితో ఆగితే వాడు సమ్మెట ఎందుకవుతాడు? ఫోర్కుని నేలమీదికి లాగి, పెద్ద సుత్తి తీసుకుని, దాని గొట్టాలు రెండూ అప్పడంలా అయ్యేదాకా కొట్టాడు. లోపలి నూనె చిమ్మి నా చీర పాడైంది. చుట్టుపక్కల కొట్లవాళ్ళు తొంగిచూసి, ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. అలవాటైన చప్పుడే కదా.

మిడత ఏడవలేదు. చెంప పట్టుకుని లేచి, "నీ మాట నిజమైతే నోటితో చెప్పేవాడివి" అంది. సైకిలు నడిపించుకుంటూ వీధి దాటి వంకరముక్కువాడి కొట్లోకి వెళ్ళిపోయింది.

"నోట్లో నాలుక లేదురా నీకు? ఒక్కగానొక్క పిల్లని పశువుని బాదినట్టు బాదుతావా?" అన్నాను.

"చెప్తే వినదక్కా."

"ఎప్పుడైనా చెప్పి చూశావా?"

నా చేతిలో ఉన్న రిమ్ము విసిరాను. తప్పుకున్నాడు వెధవ, లేకపోతే నుదురు చిట్లేది. నాకు చక్రాలు తెలుసు గానీ ఫోర్కుల సంగతి తెలీదు. తండ్రీ కూతురూ మొండికేశారు, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. అప్పటినుంచి మిడత సైకిలు ఇంటికి రాలేదు, వంకరముక్కువాడి దగ్గరే ఉంచింది.

పందెం రోజు మేం పెద్దబండ దిగువన నిలబడ్డాం. పైన గీత దగ్గర సైకిళ్ళు బారులు తీరాయి. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. దాని సైకిలు ముందుభాగం తలెగరేసిన గిత్తలా పైకి లేచి ఉంది. వాడి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"ఆపండి" అంటూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. తాడు దగ్గర కాపలా ఉన్నవాడు అడ్డొస్తే గూబమీద కొట్టాడు. ఇంకో ఇద్దరు మీదపడ్డారు. ఒకడి చొక్కా చింపాడు, ఇంకొకడి మోకాలు తన్నాడు. వాళ్ళూ ఊరుకుంటారా, కింద పడేసి కుమ్మారు. "మెడ, మెడ" అని అరుస్తున్నాడు గానీ ఎవరి మెడో, ఏం మెడో ఎవరికర్థమవుతుంది? అంతలో పైన ఈల ఊదారు.

మిడత ముందుంది. మొదటి మలుపులో నిరుటివాడు మళ్ళీ భుజం వేశాడు. ఇది మోచేత్తో వాడి దవడ మీద పొడిచింది, వాడు ముళ్ళకంపలో పడ్డాడు. నేను చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు. పెద్దబండ మీంచి గాలిలోకి లేచింది. కింద ముందుచక్రం నేలకి తగలగానే టప్పుమని చప్పుడైంది. ఫోర్కు, హ్యాండిలు, చక్రం ఒక్కటిగా ఫ్రేము నుంచి ఊడిపోయాయి. పిల్ల హ్యాండిలు పట్టుకునే ఉంది, ముఖం వెళ్ళి రాతికి కొట్టుకుంది. వెనకవాళ్ళు ఆగలేకపోయారు. ఒకడు దాని చేతిమీంచి పోయాడు, ఇంకొకడు దానిమీదే పడ్డాడు. వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చి అవతల పారేసి పిల్లని తిప్పాను. నోరుండాల్సిన చోట నెత్తురు తప్ప ఏమీ కనపడలేదు.

బతికింది. దవడ రెండు చోట్ల విరిగింది, చెయ్యి విరిగింది, భుజం ఎముక విరిగింది. ప్రాణం మాత్రం దక్కింది. దవడకి తీగలు చుట్టారు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు సుత్తి పట్టుకుని వీధి దాటాడు. నేను వెనకాలే పరిగెత్తాను. వాడు ముందు అద్దం పగలగొట్టాడు, తరవాత వంకరముక్కువాడి గొంతు పట్టి గోడకి అదిమాడు.

"నా దగ్గర పని నేర్చుకున్నావు కదరా. ఆ ఫ్రేముకి నూట ఇరవై దాటకూడదని నీకు తెలీదూ?"

"తెలుసు" అన్నాడు వాడు, ఊపిరాడక. "దాటితే మీరు తంతారని తెలుసు. ఫ్రేము మెడ విరుగుతుందని తెలీదు."

తమ్ముడి పట్టు సడలింది.

"ఎందుకని ఒక్కసారైనా చెప్పారా అన్నా? మీ మొండితనం అనుకున్నా. పిల్ల అడిగింది కదా అని నా దగ్గరున్న నూట యాభై ఫోర్కు వేసి, ప్రతి బోల్టూ మళ్ళీ మళ్ళీ చూసి బిగించా. ఇలా అవుతుందని తెలిస్తే నా చెయ్యి నరుక్కునేవాణ్ణి కాదూ." పెద్దగా ఏడ్చాడు. మా వాడు సుత్తి అక్కడే వదిలేసి వచ్చేశాడు. తరవాత నేనే వెళ్ళి గాజుపెంకులు ఊడ్చాను.

పిల్ల ఇంటికొచ్చింది. వీడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని దగ్గరికి వెళ్తే బాగున్న చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. అది చూసి వాడు గ్లాసు నా చేతికిచ్చి పెరట్లోకి పోయాడు. దవడ తీగలు విప్పాక కూడా వాడితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తరవాత ఓ రోజు కొట్టు ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"ఆ ఫ్రేము ఎందుకు విరిగింది?" అంది.

తమ్ముడు బల్ల దగ్గర్నుంచి లేచి రెండడుగులు వేశాడు. పిల్ల రెండడుగులు వెనక్కి వేసి వీధిలోకి దిగింది. వాడు ఆగిపోయాడు. నాకేసి చూశాడు, నేను చేతిలో ఉన్న చక్రానికి పుల్ల బిగించుకున్నాను. నూనె మరకల నేలమీద చతికిలబడి, అరచేతులు రెండూ తొడలకింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"ఫోర్కు పొడుగైతే సైకిలు ముందు లేస్తుంది" అన్నాడు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "చక్రం ఇంకా ముందుకి జరుగుతుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొడుగంతా గునపంలా పనిచేసి, ఫోర్కు ఫ్రేములోకి దూరే మెడ దగ్గర పెకలిస్తుంది. నీది తేలిక ఫ్రేము, అక్కడ గొట్టం పలచన. దాన్ని నూట ఇరవైకే చేశారు."

"మరి నూట యాభై వేసుకున్నవాళ్ళవి విరగలేదేం?"

వాడి భుజాలు బిగిశాయి.

"వాళ్ళవి బరువు ఫ్రేములమ్మా. మెడ దగ్గర లావుగా చేస్తారు. ఇంకోటి ఉంది. నీకు వెనక స్ప్రింగు లేదు. ముందు మెత్తగా ఉందని నమ్మి వేగం పెంచుతావు, వెనక చక్రం తన్ని పడేస్తుంది."

పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. చెమటలు కారుతున్నాయి. ఎదురుకొట్లోంచి వంకరముక్కువాడు కూడా వచ్చి, పిల్లకి కాస్త వెనగ్గా నిలబడి వింటున్నాడు.

మిడత ఇంకేదో అడిగింది. వీడు చెప్పాడు. మళ్ళీ అడిగింది. చేతులు తిమ్మిరెక్కాయేమో, మధ్యమధ్య అటూ ఇటూ కదిలాడు గానీ వాటిని బయటికి తియ్యలేదు.