ఆరు చేపల రిపోర్టు

బోగోలు దగ్గర పాయలోకి కరెంటు ఫ్యాక్టరీ వేడినీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు తొట్టిలో నింపి, ఆరు చేపలు వేసి, మర్నాటికి ఎన్ని బతికాయో రాయడం క్రీస్తుదాసు ఉద్యోగం. ఆయన చొక్కాకు ముడతా ఉండదు, రిపోర్టులో చావూ ఉండదు. పొద్దున్నే ప్రార్థన ముగించి, చచ్చినవి కాకులకు విసిరి, పదింటికి ఆఫీసరు వచ్చేలోగా బతికినవి తెచ్చి వేస్తాడు. ఒకరోజు ఆరూ తేలాయి. బదులు వేయడానికి చేపలు దొరకలేదు.

అప్పుడే పాయలో చేపలు పట్టే చెంచమ్మ తట్టెడు చచ్చిన చేపలు ఆయన ముందు కుమ్మరించింది. "చూడు సారూ, మీ నీళ్ల చలవ! పిల్లోళ్లకి ఏం పెట్టేది? పైవోళ్లకి రాయి!"

"రాస్తానమ్మా, రాయకుండా ఎట్టా?" అంటూ ఆయన కుప్పను పుల్లతో కెలికాడు. అడుగున రెండు చేపలు ఇంకా నోళ్లు తెరుస్తున్నాయి. వాటిని తొట్టిలో వేశాడు. "ప్రాణమున్నవి ఇంకో నాలుగు కావాల చెంచమ్మా."

తన గోడు పైకి పోతుందన్న ఆశతో చెంచమ్మ గొంతుక్కూర్చుని వెతికింది.