రాట్నం పైనుంచి మదనపల్లె

మొన్న బెంగళూరు పార్కులో జెయింట్ వీల్ దగ్గర ఇరుసు నూనె వాసనకు పుంగనూరులో పశువుల సంతతో జరిగే పరస గుర్తొచ్చింది.

నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ మదనపల్లె క్షయ ఆసుపత్రిలో ఉండేది. కుప్పం నుంచి నాయనతో వెళ్తే, పిల్లలు లోపలికి రాకూడదని నన్ను గేటు దగ్గరే ఆపేశారు. నాయన ఒక్కడే లోపలికెళ్లి, అమ్మ చీరల మూటతో బయటికొచ్చాడు. ఉతకడానికి ఇచ్చిందనుకున్నాను.

తిరుగుదారిలో పుంగనూరు పరసలో పెద్ద కొయ్య రాట్నం కనిపించింది.

"పైకి పోతే అమ్మ అగపడతాదా నాయనా?"

ఆయన "అగపడతాది, సూడుమ్మా" అని నన్ను ఎక్కించి, పక్కన కూర్చున్నాడు.

పైకి వెళ్లిన ప్రతిసారీ, దూరాన తెల్లగా కనబడిన గోడకేసి చెయ్యి ఊపుతూ అమ్మను పిలిచాను.

"అమ్మ యాల పలకదు నాయనా?"

"నిద్రపోతాండాదిలేమ్మా." రాట్నం ఆగేదాకా నాయన నా వైపు చూడలేదు.

అమ్మ అప్పటికే లేదని నాకు చెప్పడానికి ఆయనకు మరో నెల పట్టింది.