మెహర్ గోడవైపు తిరిగేది

నిన్న ఉదయం రఫీ ఫోన్ చేశాడు.

"అక్కా, మా ఆపా లేదక్కా."

"ఏ ఆపా?" అన్నాను.

అతనికున్నది ఒక్క అక్క. నాకున్నది ఒక్క మెహర్. అయినా అలా అడిగాను. ఇంకెవరైనా అయ్యుండాలని కాబోలు.

హార్ట్ ఎటాక్. ఆస్పత్రికి తీసుకెళ్ళే టైమ్ కూడా లేదట.

మా ఊరు గూడెంలో ప్యాసింజర్ రైలెక్కి ఏలూరు చేరేసరికి అంతా సిద్ధం చేసేశారు. ముఖం చూడనిచ్చారు. తర్వాత మగవాళ్ళు తీసుకెళ్ళిపోయారు. మేం ఆడవాళ్ళం లోపలి గదిలో ఉండిపోయాం.

పక్కనున్నావిడ "మీరేమవుతారండీ?" అని అడిగింది.

"టెన్త్ దాకా ఒకే బెంచీ అండీ" అన్నాను.

అదేం చుట్టరికం అన్నట్టు చూసింది.

మీలో ఏలూరు వాళ్ళకి మెహర్ నెట్ సెంటర్ గుర్తుండే ఉంటుంది. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, రిజల్ట్స్ రోజున మెట్ల దాకా జనం. తను బీఎస్సీ మాథ్స్. నాది ఎంఏ. ఇంటర్‌లో నా గ్రూపు మా నాన్నగారు రాశారు, తన గ్రూపు తనే రాసుకుంది. మా ఇద్దరికీ తేడా అక్కడ మొదలైందని నాకెప్పుడూ అనిపించేది.

ఆ రోజుల్లో నెట్ సెంటర్ వాళ్ళే మనకి మెయిల్ ఐడీ పెట్టి, పాస్‌వర్డ్ ఒక పుస్తకంలో రాసుకునేవారు. మనం మర్చిపోతే చూసి చెప్పేవారు. అందరికీ అదే సుఖంగా ఉండేది.

మెహర్ మాత్రం రాసుకునేది కాదు. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే కుర్చీలోంచి లేచి, గోడవైపు తిరిగి నిలబడేది. కస్టమర్లకి నవ్వొచ్చేది.

ఒకసారి నేనూ మా అమ్మాయి స్రవంతీ అక్కడే ఉన్నాం. దాని టెన్త్ పరీక్షలు అప్పుడే అయ్యాయి. కొల్లేరు వైపు నుంచి చేపల చెరువులున్న పెద్దమనిషి ఒకాయన ఐడీ కోసం వచ్చారు.

"పాస్‌వర్డ్ మా ఆవిడ పేరు పెట్టేయండమ్మా, వరలక్ష్మి" అన్నారు గట్టిగా.

"ఇప్పుడది షాపులో అందరికీ తెలిసిపోయిందండీ. ఇంకోటి ఆలోచించండి."

"ఇంకో పేరు పెడితే ఇంట్లో ఊరుకుంటారేంటండీ!"

అందరం పడీపడీ నవ్వాం. మెహర్ కూడా నవ్వింది. నవ్వుతూనే గోడవైపు తిరిగింది, ఆయన కొట్టుకోవడానికి.

స్రవంతి మాత్రం నవ్వు ఆపి అడిగింది. "ఆంటీ, ఇలా ఎవరిది వాళ్ళకే ఉండేలా కాపాడే పని ఉంటుంది కదా. దానికి ఏం చదవాలి?"

సైబర్ సెక్యూరిటీ అన్న మాట అప్పటికి మా ముగ్గురికీ తెలీదు.

"అలాంటి డిగ్రీ ఉందో లేదో నాకూ తెలీదే" అంది మెహర్. "ఉంటే మాత్రం దారి లెక్కల్లోంచే. ఎంపీసీ తీసుకో. ఇంగ్లీష్ కూడా బాగా చదువు. మోసం చేసేవాళ్ళు ముందు మాటలతోనే చేస్తారు."

దానికి అన్నం కూడా సయించలేదు ఆ రోజు. ఎంపీసీ, ఎంపీసీ అని ఒకటే గొడవ.

కాలేజీకి నేనొక్కదాన్నే వెళ్ళాను. క్లర్క్ "ఎంపీసీయా, బైపీసీయా అండీ?" అని అడిగారు.

బైపీసీ అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. డాక్టర్ అయితే నిలబడుతుంది, ఇదేదో పేరు లేని చదువు అని భయం. ఇంటికొచ్చి "ఎంపీసీ సీట్లు అయిపోయాయట" అన్నాను. అది నమ్మింది. ఒక రోజంతా ఏడ్చి, మర్నాడు బోటనీ పుస్తకం తెచ్చుకుంది.

అదే వారం మెహర్ సెంటర్‌కి వచ్చే ఒకమ్మాయికి అదే కాలేజీలో ఎంపీసీ సీటొచ్చింది. సీట్లు అయిపోయాయన్నది అబద్ధమని మెహర్‌కి అర్థమైపోయింది. ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

"దానికి నిజం చెప్పడం నీ పని. లెక్కలు నేర్పడం నా పని. ఆదివారాలు పంపించు" అంది. అంతే.

ఇంటర్ అయ్యేదాకా, అయ్యాక ఇంకో ఏడాది, ప్రతి ఆదివారం మా పిల్ల ప్యాసింజర్ ఎక్కి ఏలూరు వెళ్ళింది. బైపీసీ పాసయ్యాక మాథ్స్ అడిషనల్ సబ్జెక్టుగా ప్రైవేటుగా కట్టించింది మెహరే. అందువల్లే బీఎస్సీ కంప్యూటర్స్, అందువల్లే ఇప్పుడు హైదరాబాద్‌లో ఎంసీఏ. నెట్‌వర్క్ సెక్యూరిటీ మీద ప్రాజెక్ట్ చేస్తానని పోయిన నెల మెహర్‌కే ముందు చెప్పింది. నాకు తర్వాత.

ఇన్ని ఆదివారాల్లో మెహర్ ఒక్కసారి నోరు జారితే చాలు. జారలేదు. నన్ను మళ్ళీ అడగనూ లేదు.

నా అబద్ధం దగ్గర కూడా అలాగే గోడవైపు తిరిగి నిలబడింది. నాది నేనే చెప్పుకోవాలని. నేను తనని ఏడేళ్ళు అలాగే నిలబెట్టేశాను.

మెహర్ కబురు స్రవంతికి నిన్నే చెప్పాను. ఈ ఉదయం మళ్ళీ ఫోన్ చేసి ఇదీ చెప్పేశాను. సీట్లున్నాయని. నేనే వద్దన్నానని.

అది "ఆంటీకి తెలుసా?" అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"నేను మళ్ళీ చేస్తానమ్మా" అని పెట్టేసింది.

ఇప్పుడు సాయంత్రమైంది. ఇంకా చెయ్యలేదు. ఇది ఇక్కడ రాయొచ్చో లేదో కూడా నాకు తెలీదు. తన గురించి రాయబోయి నా గురించి రాశానేమో. కానీ ఇది వదిలేసి మెహర్ ఎలాంటిదో చెప్పడం నాకు చేతకాలేదు.

ఇలాంటప్పుడు ఫోన్ చేసి "అది చేస్తుందంటావా?" అని అడగడానికి నాకున్నది ఒక్కతే.

మెహర్ నంబర్ తీసి చూశాను. పెట్టేశాను.

చెప్పేశానే మెహర్. ఇంక ఇటు తిరుగు.

నీకు చల్లటి నిద్ర పట్టాలి. నీ మట్టి నీకు మెత్తగా ఉండాలి.