సూర్యం బాబాయి చెవిలో స్క్రూడ్రైవరు

సూర్యం బాబాయి ఏ వస్తువునూ కళ్లతో చూడడు. స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. మిల్లులో ముప్ఫై ఏళ్లు అలాగే బేరింగుల రోగాలు కనిపెట్టాడు. రిటైరయ్యాక మిల్లు పోయింది, అలవాటు మిగిలింది. ఇప్పుడు టాటానగర్ స్టేషను పక్క జుగ్సలాయిలో మా వీధే ఆయన మిల్లు.

పెళ్లికెళితే ముందు జనరేటరును పలకరిస్తాడు. ఆటో ఎక్కాక ఇంజనుకు చెవి పెట్టి, "ఇది గమ్హరియా దాకా రాదు, దిగిపోదాం" అంటాడు. "అరే చాచా, బైఠో!" కూర్చోమని డ్రైవరు మొత్తుకుంటాడు. ఆటో వంతెన మీద ఆగిపోతుంది.

నాకు మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. నేను గమ్హరియాలో క్రేన్ ఆపరేటర్ని. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. నిద్ర అనడం మర్యాద కోసమే. నీళ్ల పంపు కీచుకీచు, ఎదురు గోదాము షట్టరు దడదడ, పక్కింటి జోగమ్మ గ్రైండరు గరగర, వీటి మధ్య తలుపు తట్టే బాబాయి. ఈ ఊరికి నేనంటే గిట్టదని తేల్చుకున్నాను. అంతలో ఓసారి క్రేన్ మీదే కునుకు పట్టింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. "ఇంకోసారి ఇలా అయితే ఇంటికే" అన్నాడు సూపర్‌వైజరు.

ఇంటికొచ్చి నడుం వాల్చానో లేదో, తలుపు దబదబ. బాబాయి.

"మురళీ, నీ కూలరు ఏడుత్తందిరా. ఇనబడలేదేటి?"

"నేనూ ఏడుత్తన్నాను బాబాయ్. అది ఇనబడలేదేటి?"

ఆయన స్క్రూడ్రైవరు నా భుజానికి ఆనించబోయాడు. మా ఆవిడ పద్మశ్రీ ఆయన్ని బయటికి తీసుకెళ్లి ఏదో చెప్పింది.

ఆ వారం నాకు నిద్ర పట్టింది. పై వారమూ పట్టింది. ఊరు మంచిదైపోయింది. జోగమ్మ మీద కూడా అభిమానం పుట్టుకొచ్చింది. టాటానగర్ రైళ్ల కూత సైతం, ఇక పడుకో నాయనా అన్నట్టు వినిపించేది. "ఊరు మారిపోనాదే" అన్నాను. పద్మశ్రీ నవ్వింది.

ఓ మధ్యాహ్నం దాహమేసి లేచి బయటికొచ్చాను. గోదాము షట్టరు దగ్గర బాబాయి, మోచేతుల దాకా గ్రీజు. పక్కన డబ్బా పట్టుకుని జోగమ్మ.

"పంపుకీ, నా గ్రైండరుకీ ముందే అయిపోనాది" అందామె గొంతు తగ్గించి. "నీ ఉజ్జోగం పోద్దని పద్మ సెప్పిన కాడ్నించీ ఈ మనిసికి ఇదే పని."

నాకు సిగ్గేసింది. "నాతో సెప్పొచ్చు కదా బాబాయ్!"

"సెప్తే ఏటి సేత్తావు? ఇలాగే లేచొచ్చి దండమెడతావు. అదో గంట నిద్ర పాడు. పో, పడుకో!"