కిల్టుల పెళ్ళికి పిలుపు

కాన్‌బెరా పక్కనున్న క్వీన్‌బియన్‌లో కిల్టులు, అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు పెళ్ళిళ్ళకు కట్టుకునే గళ్ళ పావడాలు, కుట్టిచ్చే చిన్న దుకాణంలో, మార్చి నెలలో ఒక శనివారం, ఈశ్వరప్రసాద్ చొక్కా పైకెత్తి పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అరవై ఆరేళ్ళ మనిషి. ముసలి దర్జీ ఆయన బొడ్డు చుట్టూ టేపు తిప్పి, ఇది ప్యాంటులాగా నడుం కింద వేలాడేది కాదనీ, బొడ్డు మీద కూర్చోవాలనీ చెప్పాడు. ఎనిమిది గజాల ఉన్నిబట్ట పడుతుందట. పంచెకు కుచ్చిళ్ళు ముందుంటాయి, దీనికి వెనక.

"పెళ్ళికూతురి తరఫున మగవాళ్ళు ఎంతమంది సర్?" అని అడిగాడు దర్జీ పుస్తకం తీస్తూ.

"నేనొక్కణ్ణే," అన్నాడు ఈశ్వరప్రసాద్.

ఆయన భార్య జ్ఞానప్రసూన పక్కనే కుర్చీలో కూర్చుని గళ్ళబట్టల నమూనాలు తిరగేస్తోంది. ఆ మాట విని తల ఎత్తలేదు. వాళ్ళకు ముప్ఫై నాలుగేళ్ళ కొడుకున్నాడు. పేరు ఆదర్శ్. సిడ్నీలో, టూంగాబీలో ఉంటాడు. కారులో మూడు గంటల దూరం. దర్జీ పుస్తకంలో ఒకటి అని అంకె వేసుకున్నాడు. ఆమె ఇంకో పేజీ తిప్పింది.

దంపతులిద్దరిదీ తెనాలి. కాన్‌బెరా వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆయన రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఇప్పటికీ వారానికి మూడు రోజులు మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. హారిసన్‌లో సొంత ఇల్లు. గుడి కమిటీలో ఆయనకు మంచి పేరు. ఎవరింట్లో ఏ కార్యం జరిగినా ముందు వరసలో ఉండే జంట.

ఆరేళ్ళ కిందట ఆదర్శ్ ఫోన్ చేసి లిఖిత అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. నర్సు. నరసరావుపేట నుంచి వచ్చింది. తెలుగమ్మాయి అనగానే ఈశ్వరప్రసాద్ ముందు సంతోషించాడు. తర్వాత ఇంటిపేరు అడిగాడు, ఊరడిగాడు, తండ్రి పేరడిగాడు. రెండు రోజులు ఇండియాకు ఫోన్లు చేశాడు. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "వాళ్ళ తాత బస్టాండు ముందు కూర్చుని చెప్పులు కుట్టేవాడట. ఇక ఆ మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు," అన్నాడు.

ఆదర్శ్ పెళ్ళి పారమట్టాలో ఒక పార్కులో, సెలబ్రెంట్ అనే పెళ్ళి అధికారి ముందు జరిగింది. జ్ఞానప్రసూన బస్సు టికెట్ కొనుక్కుంది. మామిడిపిందెల అంచున్న చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టుకుంది. ఈశ్వరప్రసాద్ గుమ్మంలో నిలబడి, "వెళ్ళు. వెళితే మాత్రం అక్కడే ఉండు," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమె చాలాసేపు మంచం అంచున చీర పక్కనే కూర్చుంది. తర్వాత ల్యాబ్‌కు ఫోన్ చేసి, జ్వరమొచ్చిన ఇంకొకామె షిఫ్టు తను తీసుకుంది. ఆ రోజంతా రక్తపు స్లైడులు చూసింది. ఫోన్ మూడుసార్లు మోగింది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, ఎత్తడం కుదరదని తనకు తాను చెప్పుకుంది.

ఆ తర్వాత ఆదర్శ్ పుట్టినరోజులకు, పండుగలకు తల్లితో రెండు నిమిషాలు మాట్లాడేవాడు. కూతురు పుట్టిందని మెసేజ్ పెట్టాడు. ఫొటో పెట్టలేదు. ఆమె అడగలేదు.

కిందటేడు ఆదర్శ్ చెల్లెలు అపూర్వ, తను పెళ్ళాడతానన్న ఫర్గస్‌ను ఇంటికి తీసుకొచ్చింది. పశువుల డాక్టరు. ఎర్రజుట్టు కుర్రాడు. జ్ఞానప్రసూన వంటగదిలో గారెలు వేస్తూ, హాల్లో ఎప్పుడు పిడుగు పడుతుందోనని చెవులు రిక్కించుకుని నిలబడింది. పది నిమిషాలయ్యాక భర్త నవ్వు వినిపించింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన సోఫాలో కాళ్ళు చాపుకున్నాడు.

"వాళ్ళది స్కాట్లాండ్‌లో హైలాండ్స్ వంశం. క్లాన్ అంటారు. ఒక్కో క్లాన్‌కి ఒక్కో రకం గళ్ళబట్ట, టార్టన్. మన గోత్రాల్లాంటిదే అనుకో. నాలుగువందల ఏళ్ళ చరిత్ర ఉందట."

"ఫర్గస్ వాళ్ళ తాత ఏం చేసేవాడో అడిగారా?" అంది ఆమె.

"తెల్లవాళ్ళని అలాంటివి అడుగుతారా ఎవరైనా?" అని ఆయన టీవీ పెట్టుకున్నాడు.

పెళ్ళి అక్టోబరులో, బంగెండోర్ అవతల ఒక ఫామ్‌లో అనుకున్నారు. ఫర్గస్ తల్లి హెదర్ యాస్ అనే ఊళ్ళో స్కూల్ టీచరు. ఆదివారాలు హారిసన్ వచ్చి భోజనాల బల్ల మీద కాగితాలు పరిచేది. బ్యాగ్‌పైప్ వాయించే మనిషి. రెండు పిడుల వెండి గిన్నె, అందులో విస్కీ పోసి పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ చెరో గుక్క తాగాలి. ఇద్దరి చేతులూ కలిపి బట్టతో ముడివేసే తంతు. పెళ్ళికొడుకు తరఫున ఐదు కిల్టులు, ఇటు ఒకటి. జ్ఞానప్రసూన అన్నీ రాసుకునేది.

"మీ పద్ధతిలో కూడా చేద్దామా? నాకు చాలా ఇష్టం," అని ఒకసారి హెదర్ అడిగింది.

"నో నో. ఒకే పెళ్ళి, అదీ పద్ధతిగా," అన్నాడు ఈశ్వరప్రసాద్ వెంటనే.

ఎందుకో జ్ఞానప్రసూనకు తెలుసు. తెలుగు పెళ్ళయితే లాజహోమం ఉంటుంది. పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయడానికి అన్నదమ్ముడు కావాలి. గుడి జనమంతా చూస్తుండగా పురోహితుడు, "అమ్మాయి అన్నగారెక్కడండీ?" అని పిలుస్తాడు. కిల్టుల పెళ్ళిలో ఆ పిలుపు లేదు.

అప్పటినుంచి ఆయనకు అదే లోకమైపోయింది. మోకాళ్ళదాకా లాగే మేజోళ్ళు ఎలా మడవాలో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. గుడి క్యాంటీన్‌లో స్నేహితుడు వాసుదేవరావు, "ఏమోయ్, లుంగీ కట్టుకుని కన్యాదానమా?" అంటే, "లుంగీ కాదయ్యా, టార్టన్. ప్రతి గడికీ ఒక లెక్కుంది," అని అరగంట చెప్పాడు. ఆ పక్క టేబుల్ దగ్గరే జ్ఞానప్రసూన పులిహోర తింటోంది.

జూన్‌లో ఒకరోజు ఆమె కూతుర్ని అడిగింది. "అన్నయ్యని పిలవవా అప్పూ?"

అపూర్వ ఫోన్ చూస్తూనే, "మమ్, ఐ వాంట్ హిమ్ దేర్. కానీ డాడ్‌తో నువ్వే మాట్లాడు. ఐ కాంట్ డూ డ్రామా ఆన్ మై డే," అంది.

ఆమె మాట్లాడింది. ఆయన వారం రోజులు ఏమీ అనలేదు. తర్వాత, "రమ్మను. ఒక్కణ్ణే," అన్నాడు. అదే చాలా పెద్ద మనసు చేసుకున్నట్టు ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

ల్యాబ్ టీ రూములో ఎవరూ లేనప్పుడు ఆమె కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒక్కణ్ణా?" అన్నాడు ఆదర్శ్.

"నాన్నకి చెప్పి చూశానురా..."

"చెప్పి చూశావా, పర్మిషన్ అడిగి చూశావా?"

ఆమె టీ కప్పు పక్కకు జరిపింది.

"అమ్మా, మా పెళ్ళిలో లిఖిత ఫ్రంట్ రోలో నీకో కుర్చీ ఉంచింది. సెలబ్రెంట్‌ని ఇరవై నిమిషాలు ఆపాం. నువ్వు ఫోన్ కూడా ఎత్తలేదు."

"డ్యూటీలో ఉన్నానురా."

"ఆ రోజు నీకు డ్యూటీ లేదు. ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను, నువ్వు రావడానికి వీలుంటుందా అని." అన్నాడు. "పనుంది. ఉంటా."

ఆగస్టులో అందరూ యాస్‌లో హెదర్ ఇంట్లో కలిశారు. హెదర్ అత్తగారు మోరాగ్ ఎనభై నాలుగేళ్ళ ఆవిడ. పెళ్ళయిన కొత్తలో స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్ నుంచి ఓడ ఎక్కి వచ్చింది. ఆవిడ ఒక చెక్కపెట్టె తెచ్చి ఈశ్వరప్రసాద్ ఒళ్ళో పెట్టింది. లోపల కిల్టు మీద ముందువైపు కట్టుకునే తోలుసంచి. స్పోరాన్ అంటారు. నల్లటి తోలు, అంచున చేత్తో వేసిన కుట్టు.

"మా నాన్న చేసింది," అంది మోరాగ్. "తోళ్ళు శుద్ధిచేసే కొట్టంలో నలభై ఏళ్ళు పనిచేశాడు. ఎన్నిసార్లు కడిగినా చేతులు కంపు కొట్టేవి. స్కూల్లో నా పక్కన కూర్చోవాలంటే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. పెళ్ళిరోజు దీన్ని మీరు కట్టుకోవాలని నా కోరిక."

ఈశ్వరప్రసాద్ దాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. హెదర్ కళ్ళు చెమర్చాయి. ఫర్గస్ ఫొటో తీశాడు.

"మా కోడలి తాతగారిది కూడా తోలు పనే," అంది జ్ఞానప్రసూన ఇంగ్లీషులో. "చెప్పులు కుట్టేవారు."

కోడలు అనే మాట ఆమె నోటి వెంట పైకి రావడం అదే మొదలు.

"మీ అబ్బాయికి పెళ్ళి కాలేదనీ, విదేశంలో ఉంటాడనీ అన్నారు కదా?" అంది హెదర్ మెల్లిగా, ఈశ్వరప్రసాద్ వైపు చూసి.

"ఇట్స్ ఎ ఫ్యామిలీ మ్యాటర్," అన్నాడు ఆయన.

అపూర్వ టీ పెడతానని లేచి వెళ్ళిపోయింది. హెదర్ మర్యాదస్తురాలు, మళ్ళీ అడగలేదు. మోరాగ్ మాత్రం, "మరి ఆ అమ్మాయి ఏ టేబుల్ దగ్గర కూర్చుంటుంది?" అంది. తర్వాత ఖాళీ పెట్టె మూత వేసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో మరంబేట్‌మన్ ఊరుదాకా ఈశ్వరప్రసాద్ రేడియో వింటూ కారు నడిపాడు. తర్వాత, "నా పరువు తీశావు," అన్నాడు.

"ఆవిడ నాన్నగారి సంచి కళ్ళకద్దుకున్నారు కదండీ. అదీ తోలే కదా."

"అది వేరు."

"ఏం వేరు?"

"అది స్కాట్లాండ్," అన్నాడు ఆయన, ఇంకేం చెప్పనక్కర్లేదన్నట్టు.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక శుభలేఖ మీద ఆదర్శ్, లిఖిత, వెన్నెల అని మూడు పేర్లూ రాసింది. మనవరాలి పేరు చేత్తో రాయడం ఆమెకదే మొదటిసారి. పోస్టులో వేసింది. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. కొడుకు కాదు, లిఖిత.

"కార్డు అందిందండీ అత్తయ్యగారూ. మేం రామండీ. కోపంతో అనట్లేదు. మీ ఇంటి గొడవ మధ్యలో మా పాపని తీసుకొచ్చి నిలబెట్టలేనండీ. మీకు చూడాలనుంటే మా ఇంటికి రండి. పెళ్ళి పిలుపులకి కాదు, ఊరికే రండి."

"ఆదర్శ్ ఏమన్నాడమ్మా?"

"ఆయన కార్డు చదివి లోపలికెళ్ళిపోయారండీ. అంతే."

పెళ్ళిరోజు గాలి బాగా వీచింది. బ్యాగ్‌పైప్ మోత కొండవాలు మీద ఎక్కడెక్కడి గొర్రెలనో పరుగులు పెట్టించింది. ఈశ్వరప్రసాద్ కిల్టు కట్టుకుని, ఆ నల్ల తోలుసంచి ముందు వేలాడుతుంటే, కూతురి చెయ్యి పట్టుకుని నడిచొచ్చాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు పెళ్ళికొడుకు కంటే ఆయన్నే ఎక్కువ తీశాడు. చేతులు కలిపి కట్టే తంతు వచ్చినప్పుడు హెదర్ గళ్ళబట్ట ముక్క, జ్ఞానప్రసూన తన మధుపర్కం చీరలోంచి చించిన ముక్క తెచ్చారు. ఇద్దరు తల్లులూ కలిసి ముడి వేశారు. హెదర్ ఏడ్చింది. జ్ఞానప్రసూనకు ఏడుపు రాలేదు. కొడుకు పెళ్ళిలో తను ఏం చేయాల్సి వచ్చేదో, అక్కడ ఎవరు చేశారో తనకు తెలియదే అనుకుంది.

భోజనాల దగ్గర ఈశ్వరప్రసాద్ స్పీచ్ ఇచ్చాడు. "మేం ఈ దేశం వచ్చి నేర్చుకున్నది ఒక్కటే. మనుషులంతా ఒకటే. ఏ వంశం, ఏ దేశం అని మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు," అన్నాడు ఇంగ్లీషులో. గుడారమంతా మారుమోగేట్టు చప్పట్లు. వాసుదేవరావు ఈల కూడా వేశాడు. మోరాగ్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. జ్ఞానప్రసూన చప్పట్లు కొట్టింది. పెళ్ళికూతురి తల్లి కొట్టకపోతే అందరికీ కనబడుతుందని కొట్టింది.

నవంబరులో ఒక శనివారం ఆమె సిడ్నీ బస్సెక్కింది. లిఖిత, రోజూ వచ్చే మనిషికి తీసినట్టు మామూలుగా తలుపు తీసి, లోపలికి రమ్మంది. ఆమె వెనక నాలుగేళ్ళ పిల్ల, చేతిలో సగం కొరికిన యాపిల్ ముక్కతో.

"హలో ఆంటీ," అంది పిల్ల. ఇంటికొచ్చిన తెలుగువాళ్ళందరినీ అలాగే పిలవమని నేర్పారు.

ఆంటీ కాదు నానమ్మ అని లిఖిత దిద్దబోతే జ్ఞానప్రసూన చెయ్యడ్డం పెట్టి వద్దంది. నాలుగేళ్ళు రాని మనిషి ఆ పిల్లకు ఇంకేమవుతుంది? వెన్నెల తన బొమ్మలన్నీ తెచ్చి ఒక్కొక్కదాని పేరూ ఆంటీకి ఇంగ్లీషులో చెప్పింది. లిఖిత అన్నం పెట్టింది, దోసకాయ పప్పు, వడియాలు. ఆదర్శ్ ఒంటిగంటకు వచ్చాడు. తల్లిని చూసి, "ఎప్పుడొచ్చావ్?" అన్నాడు. తిన్నంతసేపూ ఆఫీసు సంగతులు భార్యతో మాట్లాడాడు. సాయంత్రం స్టేషన్‌లో దింపి, "ప్లాట్‌ఫామ్ టూ. సెంట్రల్‌లో దిగు, బస్సు అక్కడే," అన్నాడు. కారు దిగలేదు.

అప్పటినుంచి ఆమె నెలకో శనివారం వెళుతోంది. ఈశ్వరప్రసాద్ వద్దనలేదు. గుడిలో ఎవరైనా అడిగితే సిడ్నీ గుడిలో సేవకు వెళుతోందని చెబుతున్నాడు. "ఎంత భక్తండీ మీకు," అని శేషుకుమారి అనే ఆవిడ ఆమెతోనే అంది. జ్ఞానప్రసూన అవునన్నట్టు తల ఊపింది. కాదని చెప్పాలని ప్రతి నెలా అనుకుంటుంది. ఇప్పటిదాకా చెప్పలేదు.